ఆఫీసరా, హవల్దారా? ఇన్‌ఫాంట్రీలో మీకు సరిపోయే నాయకత్వం ఏది

ఆర్మీలో చేరతానని అబ్బాయి అనగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న జీతం ఎంత అని. ఆ తర్వాత పరీక్ష ఎంత కష్టం అని. ఆఫీసర్లను తయారు చేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) రాకపోతే నాలుగేళ్ల జవాను ఉద్యోగమైన అగ్నివీర్, అదీ కాకపోతే ఇంకేదైనా అని మెట్లు దిగుతూ వెళ్తారు. సైన్యంలో మిగతా విభాగాల సంగతి ఎలా ఉన్నా, ఇన్‌ఫాంట్రీకి, అంటే పదాతిదళానికి, వెళ్లాలనుకునేవాళ్లు ఇలా ఆలోచించడం పొరపాటని నా గట్టి నమ్మకం. ఆఫీసర్ చేసేది పెద్ద పని, హవల్దార్ చేసేది చిన్న పని అని ఏమీ లేదు. తూటాలు వస్తున్నప్పుడు ఆ ఇద్దరూ చేసేవి పూర్తిగా వేరు వేరు పనులు. ఒకదానికి బాగా పనికొచ్చే మనిషి రెండోదాంట్లో ఇబ్బంది పడొచ్చు. ఎవరు ఏం చేస్తారో తెలిశాక జీతం గురించి మాట్లాడుకోవడం మేలు.

ఎవరి కింద ఎంతమంది

భారత పదాతిదళంలో అన్నిటికంటే చిన్న జట్టు సెక్షన్. అందులో 10 మంది. దాన్ని హవల్దార్ గానీ, అతని కన్నా ఒక మెట్టు కింది నాయక్ గానీ నడిపిస్తాడు. ఇద్దరూ జవానుగా చేరి పైకి వచ్చినవాళ్లే. మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్, మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ. కంపెనీ అంటే సుమారు 120 మంది. నాలుగు రైఫిల్ కంపెనీలు, వాటికి తోడు మోర్టార్ల వంటి సహాయక దళాలు కలిస్తే దాదాపు 800 మందితో ఒక బెటాలియన్. సైనికులు దాన్ని పల్టన్ అంటారు. కంపెనీకి మేజర్ స్థాయి ఆఫీసర్, పల్టన్‌కు కర్నల్ స్థాయి సీవో (కమాండింగ్ ఆఫీసర్) ఉంటారు.

మధ్యలో ఉన్న ప్లాటూన్ దగ్గర మన సైన్యానికి ఒక ప్రత్యేకత ఉంది. అమెరికా, బ్రిటన్ సైన్యాల్లో ప్లాటూన్ కమాండర్ కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్. అతని పక్కన అనుభవం ఉన్న సార్జెంట్ (మన హవల్దార్ లాంటి హోదా) ఉంటాడు. మన దగ్గర చాలా ప్లాటూన్లను నాయబ్ సుబేదార్ లేదా సుబేదార్ నడిపిస్తాడు. వీళ్లు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే జేసీవోలు. జవానుగా చేరి, నాయక్, హవల్దార్ దాటి, ఇరవై ఏళ్ల అనుభవంతో ఆ హోదాకు వచ్చినవాళ్లు. బ్రిటిష్ కాలంలో భారతీయ సైనికులకూ ఆంగ్లేయ ఆఫీసర్లకూ మధ్య వారధిగా పెట్టిన ఈ హోదాను స్వతంత్ర భారతం కూడా ఉంచుకుంది. నాయబ్ సుబేదార్‌ను 1965 దాకా జమాదార్ అనేవారు. ఆఫీసర్లు కూడా జేసీవోను ‘సాబ్’ అనే పిలుస్తారు.

అందుకే జవానుగా చేరి నాయకుడు కావడం మన దేశంలో ఒక్క హవల్దార్‌తో ఆగదు. నాయక్ నుంచి సుబేదార్ మేజర్ దాకా ఉన్న పొడవైన దారి అది. ఎంచుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. జవానుగా చేరితే చివరిదాకా పదిమందికే నాయకుడు అవుతానని అనుకోవద్దు. యుద్ధంలో ముప్పై మందిని సొంత బాధ్యతతో నడిపించే అవకాశం ఈ దారిలోనూ ఉంది.

దాడి జరిగే రాత్రి

కొండ మీద శత్రువు బంకర్లు ఉన్నాయి, కంపెనీ రాత్రి దాడి చేయాలి అనుకుందాం. ఆఫీసర్ పని దాడికి చాలా ముందే మొదలవుతుంది. దగ్గరికి వెళ్లి నేల చూసి రావాలి. ఏ వైపు నుంచి ఎక్కాలి, ఏ ప్లాటూన్ ముందు, ఏది వెనుక, ఫిరంగులు ఎంతసేపు కాల్చాలి, మనవాళ్లు ఎంత దగ్గరికి చేరాక ఆపాలి అన్నవి తేల్చాలి. మట్టితో ఆ కొండ నమూనా చేసి, జేసీవోలనీ సెక్షన్ కమాండర్లనీ చుట్టూ కూర్చోబెట్టి ఆర్డర్లు ఇవ్వాలి. అక్కడ అడగని ప్రశ్న, చెప్పని సంగతి రాత్రికి ప్రాణాల మీదికి వస్తుంది.

దాడి మొదలయ్యాక ఆఫీసర్ కళ్లు ఒకచోట నిలవకూడదు. పక్కన రేడియో ఆపరేటర్, దగ్గరలోనే ఫిరంగి గుండ్లను సరిచేసే ఆర్టిలరీ ఆఫీసర్ ఉంటారు. ఎడమవైపు ప్లాటూన్ ఆగిపోయిందా? ఎందుకు ఆగింది? వెనుక ఉంచిన ప్లాటూన్‌ను ఇప్పుడే దింపాలా, ఇంకాసేపు ఆగాలా? సగం సమాచారమే చేతిలో ఉంటుంది, అందులో కొంత తప్పుగా ఉంటుంది. మిగతా సగం కోసం ఎదురుచూస్తే సమయం పోతుంది. ఆ స్థితిలో నిర్ణయం తీసుకుని, దాని ఫలితం తన మీద వేసుకోవడమే ఆఫీసర్ పని.

హవల్దార్ పని గొంతు వినిపించేంత దూరంలో జరుగుతుంది. తన పదిమందిలో ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) ఎక్కడ పెట్టాలి, ఎవరు కాలుస్తుంటే ఎవరు ముందుకు కదలాలి, ఎవరి దగ్గర తూటాల మేగజీన్లు అయిపోతున్నాయి, చీకట్లో ఎవరు వెనకబడ్డారు, ఇవన్నీ అతను చూసుకోవాలి. మొదటిసారి కాల్పుల్లో పడిన కుర్రాడు బండరాయి వెనుక బిగుసుకుపోతే వాణ్ని కదిలించేది రేడియోలో వచ్చే ఆర్డర్ కాదు. తనకు రైఫిల్ పట్టుకోవడం నేర్పిన హవల్దార్ గొంతు వాణ్ని కదిలిస్తుంది. ఆ గొంతులో వణుకు ఉంటే పదిమందికీ తెలిసిపోతుంది.

ఒక ముఖ్యమైన ఘట్టాన్ని చాలామంది మర్చిపోతారు. బంకర్ చేతికి వచ్చాక పని అయిపోదు. శత్రువు తేరుకుని ఎదురుదాడికి వస్తాడు. ఆ కొద్ది నిమిషాల్లో మిగిలిన తూటాలు లెక్కపెట్టి పంచాలి, గాయపడినవాళ్లను పక్కకు చేర్చి కిందికి పంపాలి, ఎల్‌ఎంజీని కొత్త దిక్కుకు తిప్పాలి. అలసట, గెలిచామన్న ఊపు కలిసి అందరూ కూలబడిపోయే సమయం అది. ప్లాటూన్ కమాండర్‌కు తోడుగా ఉండే హవల్దార్, సెక్షన్ కమాండర్లు గట్టిగా ఉంటేనే గెలిచిన చోటు నిలుస్తుంది. ఆఫీసర్ అప్పటికే తర్వాతి సంగతి ఆలోచిస్తుంటాడు.

ఇద్దరూ తరచూ చేసే తప్పులు కూడా ఇక్కడే బయటపడతాయి. ధైర్యం నిండుగా ఉన్న యువ ఆఫీసర్ ఒక ఎల్‌ఎంజీ పక్కన చేరి, దాన్నే చూసుకుంటూ మిగతా రెండు సెక్షన్లను మర్చిపోతాడు. ధైర్యం తక్కువై కాదు, తన పని ఏదో మరిచిపోవడం వల్ల. హవల్దార్ వైపు తప్పు దీనికి వ్యతిరేకం. పరిస్థితి మారిందని కళ్లెదుట కనిపిస్తున్నా పైనుంచి మాట వచ్చేదాకా ఆగడం.

సియాచిన్‌లో ఇద్దరి పని ఒకేచోట

ఈ తేడాను అన్నిటికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నా దృష్టిలో 1987 సియాచిన్. సుమారు 21,000 అడుగుల ఎత్తున పాకిస్థాన్ ఆక్రమించిన ‘కాయిద్ పోస్ట్’ నుంచి మన స్థావరాలు కనిపించేవి. దాన్ని పట్టుకోవడానికి ముందు దారి తెలియాలి. మే నెలలో సెకండ్ లెఫ్టినెంట్ రాజీవ్ పాండే ఒక గస్తీ దళాన్ని తీసుకుని నిట్టనిలువు మంచుగోడ ఎక్కడానికి దారి వెతికారు. శత్రువు కాల్పుల్లో ఆయన, దళంలోని పలువురు చనిపోయారు. తర్వాతి దాడికి ‘ఆపరేషన్ రాజీవ్’ అని ఆయన పేరే పెట్టారు. జూన్‌లో మేజర్ వరీందర్ సింగ్ నాయకత్వంలో 8 జేఏకే (జమ్మూ కశ్మీర్) లైట్ ఇన్‌ఫాంట్రీ పల్టన్ దాడులు చేసింది. మొదటి ప్రయత్నాలు ఫలించలేదు. జూన్ 26న నాయబ్ సుబేదార్ బానా సింగ్ కొద్దిమందితో, మంచు తుఫానులో, శత్రువు ఊహించని కష్టమైన దారిన ఎక్కి బంకర్‌లోకి గ్రెనేడ్ వేసి పోస్ట్‌ను పట్టుకున్నారు. ఆయనకు పరమ వీర చక్ర వచ్చింది. ఆ శిఖరం ఇప్పుడు బానా టాప్.

ఇందులో ఎవరి పని గొప్పది? ఈ ప్రశ్నే అనవసరం. దారి వెతికే బాధ్యతను తలకెత్తుకున్నది ఒక యువ ఆఫీసర్. ఎన్నిసార్లు, ఏ వైపు నుంచి, ఎవరితో మళ్లీ ప్రయత్నించాలో తేల్చింది ఒక మేజర్. ఊపిరి ఆడని ఎత్తులో నలుగురైదుగురు తన వెంట నడిచేలా చేసింది ఒక జేసీవో. ఈ మూడు పనుల్లో మీరు ఏది చేయగలరని మీ మనసు చెబుతుందో చూసుకోండి.

ఒకరు పడిపోతే

ఎంత విడదీసి చెప్పినా యుద్ధం ఈ గీతలను చెరిపేస్తుంది. 1962 చైనా యుద్ధంలో, నవంబర్ 18న, లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావూఁ పల్టన్ చార్లీ కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్ కాల్పుల మధ్య ఒక ప్లాటూన్ దగ్గర నుంచి ఇంకో ప్లాటూన్ దగ్గరకు తిరుగుతూ రక్షణను కూడగట్టారు. తీవ్రంగా గాయపడ్డాక తనను వదిలి వెళ్లమని జవాన్లకు చెప్పారు. ఒకదానికొకటి కనిపించని ప్లాటూన్లను కలిపి ఉంచడం కంపెనీ కమాండర్ పని, ఆయన చివరిదాకా అదే చేశారు. దానికి నెల ముందు, అక్టోబర్ 23న, అరుణాచల్ వైపు బూమ్ లా దగ్గర 1 సిఖ్ పల్టన్‌కు చెందిన సుబేదార్ జోగిందర్ సింగ్ పక్కన ఆఫీసర్ లేడు. తొడకు గాయమైనా వెనక్కి వెళ్లకుండా తన ప్లాటూన్‌ను వరుస దాడుల ఎదుట నిలబెట్టారు. ఎల్‌ఎంజీని తానే పట్టారు. 1948 జులైలో కశ్మీర్‌లోని తిథ్వాల్‌లో కంపెనీ హవల్దార్ మేజర్ పీరూ సింగ్ ముందు వరుస సెక్షన్‌ను నడిపిస్తూ, సగానికి పైగా మనుషులు పడిపోయినా ఒంటరిగా బంకర్ల మీదికి వెళ్లారు.

ఇప్పటిదాకా పరమ వీర చక్ర పొందిన 21 మందిలో 12 మంది ఆఫీసర్లు (అందులో ఒకరు వైమానిక దళం), 9 మంది జేసీవోలు, జవాన్లు. ముందుండి నడిపించడం ఒక హోదా సొత్తు కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. కార్గిల్‌లో 2 రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీని నడిపిస్తూ 1999 జూన్ 28న అమరుడైన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు, ఇద్దరూ మహావీర చక్ర పొందిన ఆఫీసర్లే. ఆఫీసర్ అంటే వెనుక సురక్షితంగా ఉంటాడనే మాట మన ఇన్‌ఫాంట్రీకి వర్తించదు. పిల్లాడికి ప్రమాదం తక్కువని ఆఫీసర్ దారి చూపించే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

యుద్ధం లేని రోజుల్లో

నాయకత్వం తయారయ్యేది ఆ రోజుల్లోనే. హవల్దార్ సాధారణంగా తన సర్వీసులో ఎక్కువ భాగం ఒకే పల్టన్‌లో గడుపుతాడు. ఎవరి ఇంట్లో భూమి గొడవ ఉందో, ఎవరికి చెల్లి పెళ్లి టెన్షన్ ఉందో, ఎవరు పైకి నవ్వుతూ లోపల కుంగిపోతున్నారో అతనికి తెలుసు. పాత గెలుపులు, పాత తప్పులు అతని తలలో ఉంటాయి. ఆఫీసర్‌కు కూడా సొంత పల్టన్ ఉంటుంది, తిరిగి తిరిగి అక్కడికే వస్తాడు. సంతోష్ బాబు 16 బిహార్ పల్టన్‌లోనే కమిషన్ (ఆఫీసర్ హోదా) పొంది, తర్వాత అదే పల్టన్‌కు సీవో అయ్యారు. అయితే మధ్యలో ప్రధాన కార్యాలయాల్లో చేసే స్టాఫ్ ఉద్యోగాలు, కోర్సులు, శిక్షణా కేంద్రాలు, వేరే చోట్ల పోస్టింగులు వస్తూనే ఉంటాయి. మనుషులను వదిలి వెళ్లడం, కొత్తవాళ్ల నమ్మకం త్వరగా సంపాదించడం అతనికి అలవాటు కావాలి.

కొత్తగా వచ్చిన 22 ఏళ్ల లెఫ్టినెంట్‌కు, 25 ఏళ్ల సర్వీసున్న సుబేదార్‌కు మధ్య ఉండే బంధం చాలా సున్నితమైనది. హోదాలో పెద్ద కుర్రాడు, అనుభవంలో పెద్ద ఆ సాబ్. కుర్రాడు అన్నీ తెలిసినట్టు మాట్లాడితే ప్లాటూన్ మౌనంగా దూరమవుతుంది. అన్నిటికీ సుబేదార్ ముఖం చూస్తే ఎవరూ అతన్ని కమాండర్‌గా చూడరు. మంచి లెఫ్టినెంట్ ముందు అడుగుతాడు, విన్నాక తానే నిర్ణయిస్తాడు, తప్పయితే తన తప్పేనని సీవో ముందు చెబుతాడు. మంచి సుబేదార్ విభేదిస్తే అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి చెబుతాడు. నిర్ణయం అయ్యాక అది తనదే అన్నట్టు అమలు చేస్తాడు. మీ కంటే వయసులో చిన్నవాడి ఆర్డర్‌ను మనస్ఫూర్తిగా పాటించగలరా? మీ తండ్రి వయసు మనిషికి ఆర్డర్ ఇచ్చి, ఆ బరువు మోయగలరా? ఏ దారి మీదో తేల్చడానికి ఈ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోవడం చాలావరకు సరిపోతుంది.

ప్రపంచంలో ఈ సమతూకం అన్నిచోట్లా ఒకేలా లేదు. సోవియట్ సైన్యంలో సార్జెంట్లు ఎక్కువగా నిర్బంధ సేవకు వచ్చిన కుర్రాళ్లే కావడంతో వాళ్ల పని కూడా జూనియర్ ఆఫీసర్ల మీద పడింది. ఇజ్రాయెల్‌లో ఆఫీసర్ అయ్యేవాళ్లు కూడా ముందు సాధారణ సైనికులుగానే మొదలవుతారు. మన పద్ధతిలో రెండు దారులూ మొదటి రోజు నుంచే విడిపోతాయి. కాబట్టి ఎంపిక కూడా ముందే చేసుకోవాల్సి వస్తుంది.

చేరే దారులు, వాటి షరతులు

ఆఫీసర్ కావాలంటే ఇంటర్‌తో ఎన్‌డీఏ. వయసు సుమారు 16½ నుంచి 19½. ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) ఏడాది. డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) రాసి ఐఎంఏకి గానీ, కొన్నేళ్లకే ఆఫీసర్‌గా ఉండే షార్ట్ సర్వీస్ కోసం చెన్నై ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) గానీ వెళ్లొచ్చు. షార్ట్ సర్వీస్ 10 ఏళ్లు, మరో 4 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఏ దారైనా ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు) పరీక్షలు తప్పవు. అక్కడ చూసేది మీ ఇంగ్లీష్ యాస కాదు. సరిగా తెలియని పరిస్థితిలో పదిమందిని కలుపుకుని పని పూర్తి చేయగలరా అన్నది చూస్తారు. ఒకసారి రాలేదని వదిలేయకండి, వయసు దాటేదాకా మళ్లీ వెళ్లొచ్చు. ఇన్‌ఫాంట్రీయే కావాలని మీరు కోరుకోవచ్చు గానీ, ఏ విభాగం ఇస్తారన్నది అకాడమీలో తేలుతుంది.

జవానుగా చేరే దారి ఇప్పుడు 2022లో వచ్చిన అగ్నిపథ్. జనరల్ డ్యూటీకి పదో తరగతి 45 శాతం మార్కులతో చాలు. వయసు 17½ నుంచి మొదలు. పై పరిమితిని మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. తెలుగు కుర్రాళ్లు ఎక్కువగా వెళ్లేది మద్రాస్ రెజిమెంట్‌కు, దాని కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్. దేశమంతటి నుంచీ తీసుకునే బ్రిగేడ్ ఆఫ్ ద గార్డ్స్ వంటివీ ఉన్నాయి. అసలు చిక్కు నాలుగేళ్ల తర్వాత వస్తుంది. అగ్నివీరుల్లో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారన్నది ఆ పథకం నిబంధన. హవల్దార్, సుబేదార్ అనే దారి నిజంగా మొదలయ్యేది అక్కడి నుంచే. దీన్ని దాచి ‘సర్కారు ఉద్యోగం’ అని కుర్రాళ్లకు ఆశ పెట్టడం అన్యాయం. ఇన్‌ఫాంట్రీలో ఆఫీసర్‌గా గానీ జవానుగా గానీ అమ్మాయిలకు ఇంకా ప్రవేశం లేదు. ఎన్‌డీఏ వాళ్లకు తెరుచుకున్నా, కమిషన్ వేరే విభాగాల్లో దొరుకుతుంది.

ఇక జీతం. ఏడో వేతన సంఘం లెక్కలో లెఫ్టినెంట్ మూల వేతనం 56,100 రూపాయలు, దాని మీద సైనిక సేవా వేతనం 15,500. హవల్దార్‌కు 29,200 నుంచి, నాయబ్ సుబేదార్‌కు 35,400 నుంచి మొదలు, సేవా వేతనం 5,200. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 30 శాతం సేవానిధికి (నాలుగేళ్ల చివర ఒకేసారి ఇచ్చే మొత్తం) పోగా చేతికి 21,000 వస్తుంది. తేడా పెద్దదే, కాదనను. డబ్బే ప్రధానమైతే ఆఫీసర్ దారే మంచిది, ఇందులో వాదన లేదు.

నా సలహా

పదిమంది మధ్య ఉండి, పనిని చేతులతో చేసి చూపించి నేర్పించడం మీకు ఇష్టమా? ఒకే చోట ఏళ్ల తరబడి ఉండి, మనుషులను లోతుగా ఎరిగి, వాళ్లతో పాటే పెద్దవాళ్లు కావాలని ఉందా? మీ నాయకత్వం హవల్దార్, సుబేదార్ వైపు ఉంది. ఆ దారికి మొదటి షరతు శరీరం, రెండోది ఓర్పు. మొదట కొన్నేళ్లు మీ మాట ఎవరూ అడగరు. ఆ ఏళ్లలో చిరాకు పడకుండా నేర్చుకునేవాడే తర్వాత సెక్షన్‌ను నిలబెడతాడు.

అలాకాక, మొత్తం చిత్రం చూస్తే గానీ మీకు నిద్ర పట్టకపోతే, తెలియని విషయాల మధ్య నిర్ణయం తీసుకోవడం మిమ్మల్ని భయపెట్టినా ఆపకపోతే, ఆఫీసర్ దారికి వెళ్లండి. మీ ఆర్డర్ మీద వెళ్లి తిరిగిరాని జవాను ఇంటికి మీరే ఉత్తరం రాయాల్సి రావొచ్చు. ఆ రాత్రి తర్వాత కూడా మర్నాడు పొద్దున మిగిలినవాళ్ల ముందు నిలబడాలి. ఐఎంఏలో నేర్పే సూత్రంలో దేశం భద్రత, గౌరవం మొదటివి, మీ కింది జవాన్ల బాగోగులు రెండోవి, మీ సొంత సుఖం ప్రతిసారీ ఆఖరిది. సెల్యూట్ కోసం వచ్చినవాడికి ఈ వరుస త్వరగానే భారమవుతుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే వయసును బట్టి వెళ్లండి. 19½ దాటేలోపు ఎన్‌డీఏ రాయండి, ఎస్‌ఎస్‌బీకి వెళ్లండి. ఎంపిక కాకపోయినా మీ గురించి మీకు చాలా తెలుస్తుంది. ఆ వయసులోనే అగ్నివీర్ భర్తీ ర్యాలీకి కూడా శరీరాన్ని సిద్ధం చేసుకోవచ్చు, రెండింటికీ పరుగు ఒకటే. అగ్నివీర్‌గా వెళ్లినవాళ్లు చదువు ఆపకండి. దూరవిద్యలోనైనా డిగ్రీ చేతిలో ఉంటే, నాలుగేళ్లకు బయటికి వచ్చినా వయసు మిగిలి ఉంటే సీడీఎస్ రాయొచ్చు. రెగ్యులర్ సర్వీసులో నిలిచినవాళ్లకు డెహ్రాడూన్‌లో ఆర్మీ కేడెట్ కాలేజీ ఉంది. జవాన్ల నుంచి ఆఫీసర్లను తయారు చేయడానికే పెట్టిన సంస్థ అది. అక్కడ మూడేళ్లు చదివి డిగ్రీతో ఐఎంఏకి వెళ్తారు. సెక్షన్‌లో పడుకుని, సెక్షన్‌తో తిని, తర్వాత కంపెనీని నడిపించే ఆఫీసర్లు అక్కడి నుంచి ఏటా వస్తున్నారు. చేరగానే మీ పల్టన్ క్లర్క్‌ను అడిగి ఆ పరీక్ష వయసు, సర్వీసు షరతులు రాసి పెట్టుకోండి. గడువు దాటాక తెలుసుకుని బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు.